చూర్ణం రుచి రిజిస్టరు

మనిషి రోజుకు నలభై ఏడు నిమిషాలు నమలడానికే పోగొట్టుకుంటున్నాడని మా డైరెక్టరు త్రివిక్రమరావు గారు ఐదు రోజుల శిక్షణకు వెళ్లి తెలుసుకుని వచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు మాత్రం చంకలో ఒక డబ్బా, ముఖంలో ఒక వెలుగు ఉన్నాయి. ఆ వెలుగు చూసి మేం హడలిపోయాం. ఎందుకంటే ఆయన శిక్షణ నుంచి అలా వెలుగుతూ రావడం అది మూడోసారి. మొదటిసారి వచ్చాక ఆఫీసంతా ఆర్నెల్లు నిలబడి పనిచేశాం. రెండోసారి వచ్చాక గంటకొకసారి లేచి చప్పట్లు కొట్టాం.

ఆ రెండు సరదాలూ వాటంతటవే చల్లారాయి. మా సూపరింటెండెంటు పేరిశాస్త్రి గారు ఒక్కరే ఇప్పటికీ నిలబడి పనిచేస్తారు, గంటకొకసారి ఒంటరిగా చప్పట్లు కొడతారు. పాత ఉత్తర్వు రద్దయినట్టు తనకు లిఖితపూర్వకంగా రాలేదంటారాయన. రాలేదు కూడా.

మాది పురాతన దస్త్రాల సంరక్షణ శాఖ. అలాంటి శాఖ ఒకటుందని ప్రజలకు తెలియదు. ప్రభుత్వానికి నెలకొకసారి జీతాల బిల్లు వెళ్లినప్పుడు గుర్తొస్తుంది. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో, ఎప్పటిదో బియ్యం గిడ్డంగిలో నలభై రెండు మందిమి కూర్చుని, చెదలు ఇప్పటిదాకా తిన్న కాగితాలెన్ని, ఇంకా తినవలసినవెన్ని అని లెక్క రాస్తుంటాం. ఈ పనిలో మనిషి నీరసపడకుండా ఉండాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి. ఆ పడేసే పని నూకరత్నానిది.

ఆఫీసు వెనక రేకుల పాకలో పందొమ్మిదేళ్లుగా ఆవిడ క్యాంటీను నడుపుతోంది. పొద్దున ఇడ్లీ, పదకొండింటికి పెసరట్టు, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఏదో ఒక పులుసు, నాలుగింటికి పకోడీ. ఆవిడ అల్లప్పచ్చడి నాలిక మీద పడితే రిటైరైన ఉద్యోగి కూడా పింఛను పని ఉందని వంక పెట్టుకుని వచ్చి తినిపోతాడు. ఆవిడకున్నది ఆ పాక ఒక్కటే. పాక ఉన్న స్థలం మాత్రం శాఖది.

శిక్షణ నుంచి వచ్చిన మర్నాడే డైరెక్టరు గారు మమ్మల్నందరినీ హాల్లో సమావేశపరిచి, డబ్బాను బల్ల మీద ప్రతిష్ఠించారు.

"మిత్రులారా, ఇది సంపూర్ణాహార చూర్ణము. ఇందులో ఇరవై ఏడు పోషకములు గలవు. రెండు చెంచాలు ఒక గ్లాసు నీటిలో కలిపి సేవించిన యెడల భోజనము ముగిసినట్లే. వండుట లేదు, వడ్డించుట లేదు, నమలుట అసలే లేదు. నమలుట అనగా ప్రభుత్వ కాలమును దవడల మధ్య నలిపివేయుట."

వెనక వరసలో ఎవరో ఆవులించారు. దవడలు అలా కూడా వాడతారని ఆయన గమనించలేదు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. మే ఒకటో తేదీ నుంచి తొంభై రోజులు ప్రయోగం. ఆ తొంభై రోజులూ క్యాంటీను బంద్. ఉద్యోగులంతా మూడు పూటలా చూర్ణమే సేవించాలి. గడువు ముగిశాక రాజధాని నుంచి ఒక కమిటీ వచ్చి చూస్తుంది. సిబ్బంది ఆరోగ్యం క్షీణిస్తే చూర్ణం రద్దు, క్యాంటీను మామూలే. క్షీణించకపోతే క్యాంటీను శాశ్వతంగా ఎత్తివేత. నూకరత్నం పాకను స్వాధీనం చేసుకుని 'చూర్ణ నిలయం' అనే పేరుతో డబ్బాలు దాచే గదిగా మార్చాలి. కమిటీ తేల్చవలసిన ప్రశ్నలు మూడు: చూర్ణం సురక్షితమా, చవకా, నమ్మదగినదా?

చవక సంగతి నేను అక్కడే అడిగాను. ఒక డబ్బా ఖరీదుకు నూకరత్నం దగ్గర ముప్పై ఆరు పెసరట్లు వస్తాయి, చట్నీ ఉచితం.

"మిగిలిన నలభై ఏడు నిమిషముల విలువను మీరు కూడలేదు," అన్నారు డైరెక్టరు గారు.

ఆ నిమిషాలతో మేమేం చేస్తామో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా అడిగిన పాపానికి శిక్ష పడనే పడింది. బడుల్లో మధ్యాహ్న భోజనం పిల్లలకు పెట్టే ముందు ఒక మాస్టారు రుచి చూసి, ఏమీ కాలేదని రిజిస్టర్లో సంతకం పెట్టే పద్ధతి ఉంది కదా. అదే పద్ధతి ఇక్కడా అమలు చేస్తూ, సీనియర్ అసిస్టెంటు గున్నేశ్వరరావు అనే నన్ను రుచి అధికారిగా నియమించారు. రోజూ అందరికంటే అరగంట ముందు నేను తాగాలి. అరగంట తరవాత కూడా నేనుంటే మిగిలినవాళ్లు తాగాలి. రిజిస్టర్లో తేదీ, రుచి, అభిప్రాయం, నా సంతకం, చివరి గడిలో తానూ రుచి చూసినట్టు పై అధికారి సంతకం. ఆ పై అధికారి డైరెక్టరు గారే.

మనిషికి పదమూడు చొప్పున మొత్తం ఐదువందల నలభై ఆరు డబ్బాలు లారీలో దిగాయి. ప్రస్తుతానికి వాటిని రికార్డు రూము పక్క వరండాలో పేర్చాం.

మే ఒకటిన మొదటి డబ్బా మూత తీశాను. వాసన కొత్త సున్నం వేసిన గదిలా ఉంది. నీళ్లలో కలిపితే కలిసింది కానీ మళ్లీ విడిపోలేదు. చెంచా గ్లాసులో నిట్టనిలువుగా నిలబడింది. కళ్లు మూసుకుని ఒక గుక్క మింగాను. ఆ గుక్క గొంతులో సగం దాకా వెళ్లి, కింద పరిస్థితి ఎలా ఉందో కనుక్కున్నాకే కదిలింది.

అప్పుడే డబ్బా మీద అడుగున చీమ తలకాయంత అక్షరాలు కనపడ్డాయి. దస్త్రాలు చదవడానికి మాకిచ్చిన భూతద్దం పెట్టి చూశాను. "దీనిని సమతుల భోజనముతో పాటుగా తీసుకొనవలెను" అని ఉంది. పరుగున వెళ్లి డైరెక్టరు గారికి చూపించాను.

ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూసి, "ఇది ప్రైవేటు వ్యక్తులకు ఉద్దేశించిన సూచన. ప్రభుత్వోద్యోగులకు వర్తించదు," అని తేల్చారు.

గ్లాసు తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం తపాలా కవర్లు అంటించబోతే జిగురు సీసా ఖాళీ. వేలితో గ్లాసులోది కాస్త తీసి రాశాను. ఆ కవరు అందినవాళ్లు దాన్ని తెరవలేక అలాగే తిప్పి పంపారని తరవాత తెలిసింది. ఆనాటి నుంచి మా శాఖ జిగురు కొనలేదు. చూర్ణం చవకా కాదా అన్న ప్రశ్నకు దాని పక్షాన చెప్పదగ్గది నాకు ఇదొక్కటే దొరికింది.

రెండు రోజులు ఎలాగో గడిపాం. మేనెల ఎండ, ఖాళీ కడుపు. మూడో రోజు పదకొండింటికి రికార్డు రూము వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. నెత్తిన గంప పెట్టుకుని నూకరత్నం లోపలికొచ్చింది. గంప మీద చీపురు, దులిపే గుడ్డలు. వాటి కింద అరిటాకు పొట్లాలు.

"అదేంటి నూకరత్నం! క్యాంటీను బందని ఉత్తర్వు కదా?" అన్నాను, చెయ్యి చాస్తూనే.

"బందే కదండీ! పాకకి తాళవేసేసేను. ఇది క్యాంటీనేంటండీ, గంప. మీ మొకాలు చూత్తుంటే నా కడుపు తరుక్కుపోతందండి బాబూ. తినండి ముందు, తరవాత మాటాడదురు గానీ."

ఉల్లి పెసరట్టు. మధ్యలో ఉప్మా. నేను దాన్ని నమిలాను. ప్రభుత్వ కాలాన్ని ఒక్క క్షణం కూడా వదలకుండా పూర్తిగా నమిలాను.

ఆ రోజు నుంచి పద్ధతి కుదిరింది. పొట్లాలను పాత ఫైలు అట్టల మధ్య పెట్టి, ఎర్ర నాడాతో కట్టి, నంబరు వేసి, బల్లల మీదికి పంపేవాళ్లం. పదకొండింటికి ఆఫీసంతా ఫైళ్ల మీద పడి దీక్షగా తలలు వంచేది. అది చూసిన డైరెక్టరు గారు చూర్ణం వల్ల ఏకాగ్రత ఇబ్బడిముబ్బడిగా పెరిగిందని రాజధానికి నివేదిక పంపారు.

రిజిస్టరు మాటకొస్తే, తాగనిదానికి రోజూ సంతకం పెట్టడం మరీ శ్రమ. ఒక్కరోజే కూర్చుని తొంభై రోజులకూ పెట్టేశాను. రుచి: "తృప్తికరం." అభిప్రాయం: "తృప్తికరం." డైరెక్టరు గారి గదికి పంపితే పది నిమిషాల్లో చివరి గడులన్నీ నిండి తిరిగొచ్చాయి. ఆయన ఒక్కటీ చదివినట్టు లేదు. ఎవరైనా చదువుతారన్న అనుమానం నాకూ రాలేదు.

ఆయన మాత్రం చూర్ణం తాగుతున్నారనే మేమంతా నమ్మాం. రోజూ ఒంటిగంటకు గది తలుపు వేసుకుని ఫ్లాస్కు తెరిచేవారు. ఒకరోజు పొట్లాలు కడుతూ నూకరత్నం ఒక మూత డబ్బాలో సాంబారు పోసి పక్కన పెట్టింది.

"ఇదెవరికి?" అన్నాను.

"పెద్దయ్యగారి డ్రైవరొచ్చి అట్టుకెల్తాడండి. నాలుగిడ్లీ, సాంబారు విడిగా. మొదటి రోజు నుంచీ అంతేనండి. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను మీకు మాత్తరవే చెప్పేను."

మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ 'మాత్తరవే' చెప్పిందని నాకు తెలుసు. ఆ ముప్పై తొమ్మిది మందిలో పేరిశాస్త్రి గారు లేరు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎందుకంటే ఆయన ఒక్కరే చూర్ణం తాగుతున్నారు. నిజంగా, మూడు పూటలా, రెండు చెంచాలు కొలిచి, నిలబడి. నేనొకసారి పొట్లం చూపించాను.

"క్షమించాలి గున్నేశ్వరరావు గారూ. ఉత్తర్వులో పెసరట్టు ప్రస్తావన లేదు," అన్నారాయన. పొట్లం వైపు ఒక్క క్షణం చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు. పొట్లం వాసన పోయేదాకా కిటికీ దగ్గర నిలబడి, గంట కాగానే నెమ్మదిగా చప్పట్లు కొట్టుకున్నారు.

నెలరోజులకు బరువులు తూచారు. మా ఆఫీసులో ఉన్నది చిత్తుకాగితాలు అమ్మేటప్పుడు తూచే కాటా ఒక్కటే. ఒక్కొక్కరం ఎక్కి కూర్చుంటే అవతల రాళ్లు వేశారు. నేను రెండు కిలోలు పెరిగాను. క్యాషియరు మూడు పెరిగాడు. నలభై ఒక్క మందీ నిగనిగలాడుతున్నారు. డైరెక్టరు గారైతే కొత్త బెల్టు కొన్నారు.

రాళ్లు దించుతుంటే నా బుర్రలో ఒక రాయి పడింది. సిబ్బంది ఆరోగ్యం బాగుంటే చూర్ణం నెగ్గుతుంది. చూర్ణం నెగ్గితే నూకరత్నం పాక పోతుంది. మా ఆరోగ్యం బాగున్నది నూకరత్నం తిండి తిని. అంటే ఆవిడ మాకు పెట్టే ప్రతి ఇడ్లీతోనూ తన పాకకు తానే గొయ్యి తవ్వుకుంటోంది. ఆ గోతిలో మేము నెయ్యి వేసుకుని మరీ తింటున్నాం.

నాకు సిగ్గేసింది. వెంటనే తాళం వేసిన పాక వెనక్కి వెళ్లి ఆవిడకు సంగతంతా విడమరిచి చెప్పాను.

"నువ్వు మాకు పెట్టడం మానెయ్యి నూకరత్నం. రెండు నెలలు ఆ పిండే తాగుతాం. చిక్కి శల్యమవుతాం. కమిటీ చూసి పిండిని రద్దు చేస్తుంది. నీ పాక నీకుంటుంది."

ఆవిడ రుబ్బుతున్న పిండి ఆపి నా వంక చూసింది.

"పాక కోసం మిమ్మల్ని ఎండబెట్టమంటారేంటండీ? పందొమ్మిదేళ్లు పెట్టిన చెయ్యండీ ఇది. ఆకలేసినోళ్లు ఎదురుగా కూకునుంటే ఎలా ఊరుకుంటాదండి? పాక పోతే పోద్ది. మీరెల్లండి, పులుసు మరిగిపోతంది."

ఆవిడ మానకపోతే మేమే మానాలి. సిబ్బంది రహస్య సమావేశం పెట్టాను. నూకరత్నం పాక నిలబడాలంటే మనం నీరసపడి తీరాలని పది నిమిషాలు మాట్లాడాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మర్నాటి నుంచి పొట్లం ముట్టకూడదని నలభై ఒక్క మందిమీ, అంటే డైరెక్టరు గారు తప్ప నలభై మందిమీ, ఒట్టు వేసుకున్నాం. క్యాషియరు చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ వేశాడు.

మర్నాడు తొమ్మిదిన్నర దాకా ఒట్టుకు ఏ ఢోకా లేదు. పదింటికి వాన మొదలైంది. పదిన్నరకు రికార్డు రూములోంచి గారెల వాసన వచ్చింది. పదీ ముప్పై రెండుకు క్యాషియరు కనపడలేదు. పదకొండింటికి నేను ఒట్టు ఎవరెవరు తప్పుతున్నారో చూసి రాసుకోవడానికి వెళ్లాను. వేడివేడి గారె, అల్లప్పచ్చడి. నా పేరు ఏడోది.

ఇక పేరిశాస్త్రి గారి సంగతి. జులై వచ్చేసరికి ఆయన తొమ్మిది కిలోలు తగ్గారు. నిలబడి పనిచేసే మనిషి బీరువాను ఆనుకుని నిలబడసాగారు. చప్పట్లు కొడితే వినపడటం లేదు. నలభై ఒక్క మంది పుష్టిగా ఉండగా ఆయన ఒక్కరే ఇలా కావడం ప్రయోగానికే మచ్చ కనుక డైరెక్టరు గారు మెమో ఇచ్చారు. టైపు చేసింది నేనే.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, తోటి సిబ్బంది యావన్మంది చూర్ణము వలన వృద్ధి చెందుచుండగా, తమరి శరీరము మాత్రము తద్విరుద్ధముగా ప్రవర్తించుచున్నది. ఇది శాఖాపరమైన అవిధేయతగా ఏల పరిగణింపరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

పేరిశాస్త్రి గారు సంజాయిషీ ఇచ్చారు. తన శరీరాన్ని మందలించానని, ఇకమీదట సక్రమంగా ప్రవర్తించేలా చూస్తానని రాసి సంతకం పెట్టారు. అక్షరాలు వణికాయి. ఆ కాగితం ఫైల్లో పెడుతుంటే నా గొంతులో ఏదో అడ్డుపడింది. నేను ఆ రోజు చూర్ణం తాగలేదు, కాబట్టి అది చూర్ణం కాదు.

జులై ఇరవై తొమ్మిదిన కమిటీ దిగింది. అధ్యక్షురాలు డాక్టర్ మందాకిని గారు. ఆవిడ డాక్టరేటు వంతెనల మీద. అయినా ప్రభుత్వంలో డాక్టరంటే డాక్టరే. ఆవిడ వెంట ఇద్దరు సభ్యులు. ఆవిడ ఏదైనా అన్నప్పుడల్లా తల ఊపడం వాళ్ల పని.

ముందుగా బరువుల పట్టిక చూశారు. "అద్భుతం," అన్నారావిడ. ఇద్దరూ ఊపారు.

పేరిశాస్త్రి గారి పేరు దగ్గర ఆగి, "ఈయన?" అన్నారు.

"సంజాయిషీ తీసుకున్నామండి," అన్నారు డైరెక్టరు గారు.

"అయితే సరే. పట్టికలోంచి తీసెయ్యండి."

తరవాత రుచి రిజిస్టరు తెరిచారు. నాకు అప్పుడు తట్టింది. తొంభై గడులూ ఒక్క ఊపున నింపినప్పుడు నేను క్యాలెండరు చూడలేదు. ఆవిడ వేలు పేజీ మీద నడుస్తూ ఒకచోట ఆగింది.

"ఆదివారాలు కూడా రుచి చూశారా?"

నేను రిజిస్టరు వైపు వంగి చూశాను. "చూసినట్టే ఉందండి."

"డైరెక్టరు గారు కూడా? ప్రతి ఆదివారం?"

డైరెక్టరు గారు నా వంక చూశారు. నేను సీలింగు ఫ్యాను వంక చూశాను. వేలు మళ్లీ నడిచి మళ్లీ ఆగింది.

"జూన్ ముప్పై ఒకటిన కూడా చూశారే?"

నా ఇరవై రెండేళ్ల సర్వీసు రెక్కలు కట్టుకుని కిటికీలోంచి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"చూశారా!" అని డాక్టర్ మందాకిని గారు సభ్యుల వైపు తిరిగారు. "సెలవులని కూడా చూడకుండా, క్యాలెండరులో లేని రోజున సైతం వచ్చి సేవించారంటే సిబ్బందికి దీని మీద ఎంత నమ్మకం ఉండాలి! మూడో ప్రశ్నకు సమాధానం దొరికింది. నమ్మదగినదే."

ఇద్దరూ గట్టిగా ఊపారు. ఆ ఊపు ఆగకముందే వరండాలో డబ్బాలు లెక్కపెడుతున్న గుమస్తా వచ్చి కాగితం ఇచ్చాడు. వచ్చినవి ఐదువందల నలభై ఆరు. మూత తీసినవి పద్నాలుగు. అందులో పదమూడు పేరిశాస్త్రి గారివి, ఒకటి నా జిగురుది. మిగిలిన ఐదువందల ముప్పై రెండూ సీలు కూడా తీయకుండా ఉన్నాయి.

ఇక దాచేందుకేమీ మిగల్లేదు. దొరికిపోయాం. కిటికీలోంచి చూస్తే పాక కనపడుతోంది. పాక ముందు నూకరత్నం గిన్నెలన్నీ గోనెసంచిలో సర్దేసి, రుబ్బురోలును మాత్రం ఎలా మోసుకెళ్లాలో తెలియక దాని పక్కన నిలబడి ఉంది. అది చూశాక నాకు ధైర్యం వచ్చిందో, సిగ్గే వచ్చిందో తెలియదు. లేచి నిలబడ్డాను.

"మేడమ్, నిజం చెప్పేస్తాను. మేమెవరం ఇది తాగలేదు. తొంభై రోజులూ ఆ నూకరత్నం చేసిన పెసరట్లు, గారెలు, పప్పన్నం తిన్నాం. ఈ బరువంతా ఆవిడ పెట్టిందే. నిజంగా తాగినాయన అదిగో, ఆ బీరువాను ఆనుకుని ఉన్నాడు. ఆయన్ని చూసి తేల్చండి. ఆవిడ పాక మాత్రం తీసెయ్యకండి."

డైరెక్టరు గారు బెల్టు పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. డాక్టర్ మందాకిని గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పెసరట్లు తిన్నట్టు రిజిస్టరుందా?"

"లేదండి."

"క్యాంటీను ఈ తొంభై రోజులు తెరిచి ఉందా?"

"లేదండి. ఉత్తర్వు ప్రకారం బందే."

"మూసిన క్యాంటీనులో ఎలా తింటారు? రికార్డులో లేనిది జరగలేదు. రికార్డులో ఉన్నది జూన్ ముప్పై ఒకటినైనా జరిగినట్టే. కూర్చోండి."

కూర్చున్నాను. ఆవిడ మళ్లీ లెక్కల కాగితం తీసుకున్నారు. సేవించినట్టు రికార్డుంది. పుష్టి కలిగినట్టు కాటా చెబుతోంది. కానీ డబ్బాల్లో చూర్ణం తరగలేదు. ఈ మూడూ నిజం. కాగితం అటూ ఇటూ తిప్పుతూ ఆవిడ చాలాసేపు ఆలోచించారు. ఉన్నట్టుండి ఆవిడ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు బాగా తెలిసిందే.

"తరగకుండానే పోషిస్తోంది!" అన్నారావిడ.

వారంలో ఉత్తర్వులు వచ్చాయి. కమిటీ మూడు ప్రశ్నలకూ సమాధానాలు చెప్పింది. చూర్ణము సురక్షితము, ఏలయనగా సీలు తీయని డబ్బా వలన ఎవరికిని హాని కలిగినట్టు దాఖలా లేదు. చవక, ఏలయనగా ఒక్క డబ్బా ఒక కార్యాలయమునకు శాశ్వతముగా సరిపోవును. నమ్మదగినది, ఏలయనగా రిజిస్టరు గలదు. కావున ఐదువందల ముప్పై రెండు డబ్బాలలో ఒకటి ఇక్కడ ఉంచి, మిగిలినవి రాష్ట్రంలోని మిగతా కార్యాలయాలకు ఒక్కొక్కటి చొప్పున పంపి, గోడకు మేకు కొట్టి వేలాడదీయవలెను. మూత తీయరాదు. డబ్బా సన్నిధిలోనే సిబ్బందికి పోషణ సమకూరును గనుక చూర్ణ నిలయము అవసరము లేదు. పాక స్వాధీన ప్రతిపాదన ఉపసంహరింపబడినది. పోషణ సమకూరిన పిమ్మట సిబ్బంది ఏదైనా నమలగోరినచో, దానిని వినోదముగా పరిగణించి, పాకను వినోద కేంద్రముగా కొనసాగించవచ్చును.

ఉత్తర్వు చదివి వినిపిస్తే నూకరత్నం రెండు చెంపలూ వాయించుకుంది.

"వినోదవేంటండీ నా మొకం! అంటే పాక ఉన్నట్టేనా, పోయినట్టా?"

"ఉన్నట్టే."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, గోనెసంచిలోంచి గిన్నెలు ఒక్కొక్కటే తీసి యథాస్థానంలో పెట్టింది. తీసినవాటిని మళ్లీ తుడిచింది.

అదే తపాలాలో పేరిశాస్త్రి గారికి ఇంకో మెమో వచ్చింది. శాశ్వతముగా నిలువదగిన ప్రభుత్వ ఆస్తిని పదమూడు డబ్బాల మేరకు అనాలోచితముగా తాగివేసినందుకు ఆయనను మందలించారు. ఆ మెమో చేత్తో పట్టుకుని ఆయన పాక దగ్గరికి వచ్చారు. వాకిట్లో నిలబడి, "తాగమన్న ఉత్తర్వు రద్దయిందని లిఖితపూర్వకంగా వచ్చింది," అన్నారు. అంత సంతోషంగా మందలింపు తెచ్చుకున్న మనిషిని నేనెన్నడూ చూడలేదు.

"రండి బాబూ, రండి. కూకోండి," అంది నూకరత్నం.

ఆయన బల్ల వంక చూశారు. మూడేళ్లుగా ఆఫీసు ఆవరణలో ఆ మనిషి కూర్చోవడం ఎవరూ చూడలేదు. నిలబడమన్న ఉత్తర్వు ఇంకా రద్దు కాలేదు. ఒక్క నిమిషం తటపటాయించి, "వినోద కేంద్రంలో నిలబడమని ఎక్కడా లేదు," అని తనకు తానే చెప్పుకుని, మెల్లగా కూర్చున్నారు.

నూకరత్నం అరిటాకు వేసి వేడి పెసరట్టు పెట్టింది. ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నమిలారు. చాలాసేపు నమిలారు. మూసిన కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి దిగాయి. కారమేమోనని నూకరత్నం గ్లాసుతో మజ్జిగ పెట్టింది. కారం కాదని ఆవిడకూ తెలుసు.

గంట కొట్టింది. ఆయన చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులకూ పని ఉంది.

ఆకు ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కుని, "గున్నేశ్వరరావు గారూ, రుచి రిజిస్టరు ఉందా?" అన్నారు.

తెచ్చి ఇచ్చాను. ఆయన నా తొంభై 'తృప్తికరం'లూ దాటి, కొత్త పేజీ తీసి, ఆనాటి తేదీ సరిగ్గా వేశారు. రుచి గడిలో "అల్లం, పచ్చిమిర్చి, ఉల్లి" అని రాశారు. అభిప్రాయం గడిలో ఏదో రాసి, సంతకం పెట్టి, చివరి గడిలో పై అధికారి సంతకం కోసం రిజిస్టరును నూకరత్నం ముందుకు తోశారు.

ఆవిడ తడి చెయ్యి చీరకు తుడుచుకుని, కూడబలుక్కుంటూ ఆ గడిలో రాసింది చదివింది. అక్కడ "ఇంకొకటి" అని ఉంది.

ఆవిడ సంతకం తరవాత పెడతానని చెప్పి, పెనం మీద పిండి పోసింది.